తొమ్మిది మెంతి ఉండలు

నా ఉద్యోగం గురించి ఎవరు అడిగినా మా ఆయన "పెద్దాసుపత్రిలో పరిశోధన" అని గొప్పగా చెప్పేవాడు. వినేవాళ్ళ కళ్ళ ముందు తెల్లకోటు, మైక్రోస్కోపు, గాజుసీసాలు మెదిలేవి. నిజం చెప్పేస్తున్నాను. ఇరవై రెండేళ్ళు నేను ఎక్కువగా చేసిన పని పసిబిడ్డల ఉచ్చగుడ్డలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం.

పుట్టుకతో వచ్చే జన్యు జబ్బులు, జీవక్రియ జబ్బులు పిల్లల్లో ఎలా బయటపడతాయి, తొందరగా పట్టుకుంటే ఎంతవరకు కాపాడవచ్చు అని తేల్చే ఒక అధ్యయనంలో నేను స్టడీ నర్సుని. పేరు జానీబేగం. సొంత ఊరు కోట. మా నాయన దర్జీ. నెల్లూరులో మాకు రెండు గదుల ఆఫీసు, ఒక జీపు, ఒక ఐసుపెట్టె, సంచినిండా ఫారాలు ఉండేవి. ఇందుకూరుపేట నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు ఒడ్డున ఏ ఊళ్ళో కాన్పయినా మూడోనాటికి నేను ఆ గడపలో ఉండాలి.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు నాలుగు మంచి మాటలు రాసిమ్మని అడిగారు. మంచి మాటలు నా దగ్గర లేవు. ఉన్నా మీరు వినరు, నేనూ మీ వయసులో వినలేదు. నా దగ్గర ఒక తప్పు ఉంది, అది చెబుతాను. ప్రమోషన్ల సంగతి ఎత్తను. నాకు వచ్చింది ఒక్కటే. దానివల్ల కుర్చీ మారింది, కొత్త కుర్చీకి ఒక కాలు పొట్టి.

నీడలో ఆరే కార్డు

ముందు పని ఏమిటో తెలుసుకోండి. బిడ్డ మడమ మీద చిన్న సూదిపోటు పొడవాలి. రక్తపు చుక్కలు మందపాటి కాగితపు కార్డు మీద పడాలి. ఆ కార్డు నీడలో ఆరాలి, ఎండ తగిలితే పాడైపోతుంది. వారానికొకసారి కార్డులన్నీ పెద్ద నగరంలోని ల్యాబుకు వెళతాయి. రిపోర్టు రావడానికి పది పన్నెండు రోజులు. ఎవరి మీదైనా అనుమానం ఉంటే ఆ కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటించి అదేరోజు మనిషినిచ్చి పంపుతాం. ఎర్ర స్టిక్కరు గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని చుట్టూనే.

చేరిన కొత్తలో మైపాడు దాటాక ఒక జాలర్ల పాళెంలో కార్డులు అరుగు మీద నీడలో పెట్టి టీ తాగడానికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఒక ముసలామె వాటన్నిటినీ తీసుకెళ్ళి ఇసుకలో పరిచిన నెత్తళ్ళ పక్కన ఎండలో వరసగా పెట్టేసింది. లబోదిబోమన్నాను. "నీడలో పెడితే యాడ ఆరతాయిమే? చదువుకున్నావంటావు, ఎండబెట్టడం తెలీదా?" అని నన్నే కసిరింది. పుట్టినప్పటి నుంచి చేపలు ఎండబెట్టే మనిషికి ఎండబెట్టడం గురించి నేనేం చెబుతాను? ఆ కార్డులన్నీ పారేసి ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ మడమలు పొడిచాను. ఆ రోజు నాకు పడిన తిట్లలో కొన్ని నేను అంతకుముందు వినని తిట్లు.

ఇక జబ్బు సంగతి. మనం తిన్న పప్పు, పాలు, చేప, వీటిలోని మాంసకృత్తులను ఒళ్ళు ముక్కలు చేసుకుని వాడుకుంటుంది. కొందరు పిల్లలకు అందులో కొన్ని ముక్కలను అరిగించే శక్తి పుట్టుకతోనే ఉండదు. అరగని సరుకు నెత్తురులో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. అలాంటి బిడ్డకు తల్లిపాలు కూడా విషమే. పుట్టినప్పుడు ముద్దుగా ఉంటుంది. రెండో రోజుకో మూడో రోజుకో పాలు తాగడం మానేసి మత్తుగా పడి ఉంటుంది. వారం తిరిగేసరికి చేయి దాటిపోతుంది. దేవుడు ఒక్క దయ చూపాడు. ఆ బిడ్డ ఉచ్చ మాడిన బెల్లంపాకం వాసన వస్తుంది. విదేశీ డాక్టర్లు దానికి వాళ్ళ దేశంలోని ఏదో చెట్టు పాకం పేరు పెట్టుకున్నారు. మనకు ఆ చెట్టూ తెలియదు, ఆ పాకమూ తెలియదు. మేం 'పాకం జబ్బు' అనుకునేవాళ్ళం. గుడ్డ వాసన చూసేది అందుకే.

పెద్దాయన చంక

మా చీఫ్ డాక్టరు వరదరాజులు గారు, మా అందరికీ పెద్దాయన. తెలివిలో దిట్ట, ఎచ్చుల్లోనూ దిట్ట. ఉప్పుగాలికి చెమటలు కారిపోతున్నా టై విప్పేవారు కాదు. ఆయన జీపు దిగి పాళెంలో నడవగా నేను చూసింది నాలుగైదు సార్లు. అందులో రెండుసార్లు చేపల పులుసు కోసం.

ఒకసారి కృష్ణపట్నంలో ఒక కరెంటు ప్లాంటు ఉద్యోగి ఇంట్లో నాలుగు రోజుల మగబిడ్డ ఉచ్చగుడ్డ ఎత్తితే గుప్పున పాకం వాసన కొట్టింది.  కంపెనీ బండిలో తల్లీబిడ్డలను నెల్లూరు పెద్దాసుపత్రికి తెచ్చాం. పెద్దాయన వాసన చూసి కళ్ళు మూసుకున్నారు, ఏదో సాక్షాత్కారం అయినట్టు. తల్లిపాలు ఆపించారు, గ్లూకోజు ఎక్కించారు, ఎర్ర స్టిక్కరు అంటించారు. మన అధ్యయనంలో మొదటి పాకం జబ్బు అని ఫోను మీద ఫోను. ఫోటో కూడా దిగారు. పాలు ఆపేసరికి ఆ తల్లి రొమ్ములు రాళ్ళయిపోయి ఏడుస్తోంది. మావాళ్ళెవరికీ అది కనబడలేదు.

రెండో రోజు ఆ బాలింత వాళ్ళమ్మ క్యారేజీ తెచ్చి మూత తీసింది. వార్డంతా అదే వాసన. అందరి ముక్కులూ ఒకేసారి అటు తిరిగాయి.

"ఏమిటమ్మా అది?" అన్నారు పెద్దాయన.

"మెంతి ఉండలు సార్. బాలింతకు పాలు పడతాయని పెడతా ఉండాం. తమరూ ఒకటి రుచి చూడండి."

ఆయన రెండు తిన్నారు. మర్నాడు ఆఫీసులో తలుపు తీసిన నాకు, పెద్దాయన టై పక్కకు తోసి, చేయి పైకెత్తి, సొంత చంక వాసన చూసుకుంటూ కనబడ్డారు. "జానీబేగం, ఇటు రా. ఇది ఆ బిడ్డ వాసన అవునా కాదా?" అని అడిగారు. నౌకరీ పోతుందేమోనన్న భయంతో మూడడుగుల దూరం నుంచే "అవును సార్" అన్నాను. మెంతుల్లోనూ అదే వాసన కలిగించే పదార్థం ఉంటుందని, తల్లి తింటే చెమటలోకి, పాలలోకి, బిడ్డ ఉచ్చలోకి దిగుతుందని అలా తెలిసింది. సాయంత్రానికి ల్యాబు నుంచి ఫోను వచ్చింది, బిడ్డ శుభ్రంగా ఉన్నాడని. తల్లి మమ్మల్ని ఒక్క మాట అనకుండా బిడ్డను ఎత్తుకుని వెళ్ళింది. ఆవిడ తిట్టి ఉంటే మాకు బాగుండేది.

పద్నాలుగో ప్రశ్న

నవ్వులపాలయ్యామని పెద్దాయన నిద్రపోలేదు. మర్నాడే మీటింగు. మా ఫారంలో పదమూడు ప్రశ్నలుండేవి, పద్నాలుగోది చేర్చాం. 'బాలింత మెంతులు తింటోందా? అవును / కాదు.' కాదు అయితే ఎర్ర స్టిక్కరు, పైగా ఉచ్చ సీసాలో పట్టి తెచ్చి, పెద్దాయన కొత్తగా ఆఫీసుకు తెప్పించిన మందు చుక్కల పరీక్ష. అవును అయితే మెంతి వాసన అని రాసి మామూలు కార్డులతో పంపాలి.

ఆ ప్రశ్న రాసింది నేనే. ఈ సంగతి దాచను. పెద్దాయన అందరి ముందూ "ఇదీ పరిశోధన అంటే" అని నా భుజం తట్టారు. నేను ఆ వారమంతా తల ఎత్తుకుని తిరిగాను. మడమలు పొడిచే నర్సు రాసిన ప్రశ్న అచ్చులోకి ఎక్కింది మరి.

పెద్దాయన చంక కథ కూడా నాతోపాటు ఊరూరా తిరిగింది. సూది అంటే భయపడే ఇంట్లో ముందు ఆ కథ చెప్పేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు, నేను మడమ పొడిచేసేదాన్ని. పన్నెండు పేజీల సమ్మతి పత్రం చదివి వినిపించడం కన్నా అది వందరెట్లు మేలు. ఆ పత్రం రాసినవాళ్ళు ఎప్పుడూ బాలింత మంచం పక్కన కూర్చోలేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

జోకు చెప్పి లేచి వచ్చాను

సముద్రంలో వేట నిషేధం రోజులవి. పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. మైపాడు అవతలి పాళెంలో అంకమ్మ అని ఒకామె, ఎండుచేపల పని చేస్తుంది, మొగుడు వేటకు పోతాడు. ఆమె కూతురు సుగుణ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడబిడ్డను కన్నది. పందొమ్మిదేళ్ళ పిల్ల. నోట్లో నాలుక లేనిది. వసారాలో నులకమంచం, దాని పక్కనే వేట లేక కుప్పేసిన వలలు.

మూడోనాడు వెళ్ళాను. మడమ పొడిస్తే బిడ్డ ఏడ్చింది కానీ పిల్లికూన మూలిగినట్టు సన్నగా ఏడ్చింది. అది నా చెవిన పడింది. పడలేదని అబద్ధం చెప్పను. గుడ్డ ఎత్తితే పాకం వాసన. ఫారం తీసి పద్నాలుగో ప్రశ్నకు వచ్చాను.

"ఏమ్మా, మెంతులు తింటా ఉండావా?"

సుగుణ తల్లి వంక చూసింది. తర్వాత వలల వంక చూసింది. "తింటా ఉండా" అంది.

"నిన్నటి నించి రోజుకు రెండు ఉండలు పెడతా ఉండా సిస్టరమ్మా. మెంతులు దోరగా వేయించి, ఇసిరి, బెల్లం పట్టించి నా చేత్తో చేసినా" అంది అంకమ్మ, ప్రపంచంలో ఇంకెవరూ మెంతి ఉండ చేయలేదన్నట్టు.

'అవును' దగ్గర టిక్కు పెట్టాను. "బతికించావు అంకమ్మా. మెంతులు తినకుండా ఈ వాసన వచ్చిందంటే అది పెద్ద జబ్బు, బిడ్డను పరిగెత్తించాల్సిందే" అని, పెద్దాయన చంక కథ మొదలుపెట్టాను. అంకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. సుగుణ నవ్వలేదు. నిద్రలేక అలా ఉందనుకున్నాను.

సంచి సర్దుకుని లేస్తుంటే అంకమ్మ అంది: "బిడ్డ పాలు సరిగ్గా పట్టడంలే సిస్టరమ్మా. ఊరికే నిద్దరపోతా ఉండాది."

"మూడ్రోజుల బిడ్డ నిద్దరపోక భరతనాట్యం చేస్తుందా?" అన్నాను.

అందరూ నవ్వారు. జీపెక్కాను. ఆ కార్డు మామూలు కార్డుల కట్టలోకి వెళ్ళింది. ఎర్ర స్టిక్కర్ల చుట్ట నా సంచిలోనే ఉంది.

వలలో చీమలు

ఆరోనాడు పొద్దున ఆఫీసు తెరిచేసరికి అంకమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పాతచీరలో చుట్టిన బిడ్డ. పక్కన సుగుణ, మొహం వాచిపోయేలా ఏడ్చి ఉంది. మొదటి బస్సుకు వచ్చారు. నేను ఏమిటని అడిగేలోపే అంకమ్మ లోపలికి వచ్చి ఒక గుడ్డమూట నా బల్ల మీద పెట్టి విప్పింది. మెంతి ఉండలు. వాటిలోంచి ఎర్రచీమలు బిలబిలమంటూ ఫారాల మీదికి పరిగెత్తాయి.

"మా ఆయన వలలు బాగుచేసుకుందామని పొద్దున కుప్ప కదిపినాడు. చీమలు పట్టి అరిచినాడు. వలకు చీమలేందా అని చూస్తే కుప్పలో ఇవి ఉండాయి" అంది అంకమ్మ. "ఈ పొద్దున లేవంగానే ఇచ్చిందీ కలిపి నేను పెట్టింది తొమ్మిది. దొరికింది తొమ్మిది. ఇది ఒక్కటి గూడా తినలా."

"చేదుగా ఉండాయి" అంది సుగుణ నేల చూస్తూ. "తినకపోతే మాయమ్మ తిడతాదని తిన్నానని చెప్పినా."

"మీరేగదా సిస్టరమ్మా చెప్పినారు, మెంతులు తినకుండా ఆ వాసన వస్తే పెద్ద జబ్బని. నా కూతురు మెంతులు తినలా. మరి నా బిడ్డకు ఈ వాసన యాడిది?"

 బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాను. కాసేపు తడిగుడ్డలా వాలిపోతోంది, కాసేపు చేతులు బిగదీసి తల వెనక్కి విరుస్తోంది. గుడ్డ పిండి సీసాలో పట్టిన ఉచ్చలో మా ఆఫీసు టెక్నీషియను మందు చుక్కలు వేశాడు. మామూలు బిడ్డదైతే తేటగా ఉంటుంది. ఇది గంధం కలిపినట్టు పచ్చగా చిక్కబడింది. ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు. మూడోనాడు ఒక్క సీసా ఉచ్చ తెచ్చి ఉంటే ఆనాడే తేలిపోయేది. సీసా తీసుకురాలేదు, ఎందుకంటే నా ఫారం వద్దంది.

పెద్దాయన వచ్చి చూశారు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాలు ఆపించి, గ్లూకోజు పెట్టించి, చెన్నైలో పిల్లల ఆసుపత్రికి ఫోను చేసి రక్తం శుద్ధిచేసే ఏర్పాటు చేయమన్నారు. అంబులెన్సు వచ్చేసరికి టై విప్పి బల్ల మీద పడేసి బిడ్డ పక్కన ఆయనే ఎక్కి కూర్చున్నారు. గ్లూకోజు సీసా చెన్నై దాకా చేత్తో పట్టుకున్నారని అంకమ్మ తర్వాత చెప్పింది. అంతకాలం నేను ఎగతాళి చేసిన మనిషి ఆయనే. మనుషుల్ని ఒక గాటన కట్టేయకండి.

బిడ్డ బతికింది. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంది. కానీ మత్తులో పడి ఉన్న ఆ మూడు రోజులు మెదడు మీద తమ పని తాము చేసుకుపోయాయి.

ఫైల్లో మూడు వాక్యాలు

ఇలాంటివి జరిగినప్పుడు ఆఫీసుల్లో ఏం చేస్తారో మీకూ తెలుస్తుంది లెండి. 'తల్లి తప్పుడు సమాచారం ఇచ్చినందున' అని రాసేస్తారు. అందులో అబద్ధం లేదు కూడా. సుగుణ తిన్నానని చెప్పింది, నా ఫారంలో టిక్కు ఉంది. నేను తప్పించుకోవడానికి దారి సుబ్బరంగా ఊడ్చి ముగ్గు వేసి ఉంది.

పెద్దాయన ఫైలు తెప్పించుకుని సొంత దస్తూరితో రాశారు: 'మూడో రోజున వాసన గుర్తించాం. తోసిపుచ్చాం. తప్పు మాది.' తర్వాత బయటి డాక్టర్లు వచ్చిన సమావేశంలో, టై కట్టుకుని, ఆ మూడు వాక్యాలూ గట్టిగా చదివారు. నా పేరు ఎక్కడా లేదు. "ప్రశ్న నాది సార్, టిక్కు నాది, నా పేరు కూడా రాయండి" అన్నాను. "ఫారం కింద సంతకం నాది. పోయి పని చూసుకో" అన్నారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మందుల పేర్లు సగం మర్చిపోయాను, ఇది మర్చిపోలేదు.

సుగుణ మాత్రం నా ఎదుట పడేది కాదు. బిడ్డను చూడడానికి చెన్నై వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో పట్టుకున్నాను. "నేను అబద్ధం చెప్పబట్టే గదక్కా నా బిడ్డకు ఇట్టా అయ్యింది" అని భోరుమంది. "వినవే పిచ్చిదానా. నువ్వు నిజంగా తిని ఉంటే వాసన మెంతులదే అనుకుని మీ అమ్మ వచ్చేది కాదు, నేనూ కదిలేదాన్ని కాదు. బిడ్డ దక్కేది కాదు. నువ్వు మీ అమ్మకు భయపడి చెప్పావు. మీ అమ్మ పక్కనుండగా అడిగిన నాకు బుద్ధుండక్కర్లా?" అన్నాను. ఆ పిల్ల నమ్మిందో లేదో తెలియదు. నేను మాత్రం ప్రతి మాటా మనసులోంచే అన్నాను.

ఏ ఇంట్లోనైనా బాలింతను తల్లి ముందు 'తిన్నావా' అని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే. నేనూ తొలికాన్పప్పుడు మా అమ్మ పెట్టిన కాయం మందుముద్ద కిటికీలోంచి పారేసి 'తిన్నాను' అన్నదాన్నే. ఇద్దరు పిల్లల తల్లినై ఉండి, ఫారం చేతిలోకి రాగానే నా సొంత బాలింతతనం మర్చిపోయాను. ఇంతకు మించిన తెలివితక్కువతనం ఉంటుందా?

పద్నాలుగో ప్రశ్న కొట్టేశాం. వాసన వస్తే చాలు, మెంతులు తిన్నా తినకపోయినా, చుక్కల పరీక్ష, ఎర్ర స్టిక్కరు. బాలింతతో మాట్లాడేటప్పుడు ఇంకెవరూ ఉండకూడదు. అమ్మలను మంచినీళ్ళు తెమ్మని పంపేదాన్ని. తెచ్చాక టీ పెట్టమనేదాన్ని. నెల్లూరు తీరమంతటా జానీ సిస్టరు ఊరికే తాగే మనిషని పేరొచ్చింది, రానివ్వండి.

వంశవృక్షం గీసేటప్పుడు

ఇంకొక మాట, ఇది కోపంతో చెబుతున్నాను. సుగుణ మొగుడు అంకమ్మ తమ్ముడి కొడుకే. మేనరికం. కొత్తగా చేరిన ఒక డాక్టరు బాబు అంకమ్మను నిలబెట్టి, సొంతంలో పిల్లనిచ్చి మనవరాలి మెదడు పాడుచేశావని క్లాసు పీకడం మొదలుపెట్టాడు. అతణ్ణి టీకి పంపేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అనలేదు.

తర్వాత అంకమ్మ పక్కన కూర్చుని కాగితం మీద వాళ్ళ కుటుంబం గీశాను. గుండ్రాలు ఆడవాళ్ళు, చదరాలు మగవాళ్ళు. నాలుగు తరాలు గీసేసరికి గీతలన్నీ తిరిగి తిరిగి అవే మనుషుల దగ్గరికి వచ్చాయి. "వల అల్లినట్టే ఉండాదే" అంది అంకమ్మ. "అంతే. ఒకే లోపం ఆ వైపు నుంచి ఒకటి, ఈ వైపు నుంచి ఒకటి వచ్చి బిడ్డలో కలిశాయి. ఒక్కటే ఉన్నవాళ్ళకు ఏమీ కాదు, సుగుణకూ అల్లుడికీ ఏమీ కానట్టే. దూరపు సంబంధం చేసినా ఒక్కోసారి ఇలా కలవొచ్చు. సొంతంలో అయితే కలిసే అవకాశం ఎక్కువ. నువ్వు కావాలని చేసింది కాదు. ఈసారి కడుపు వస్తే ముందే పరీక్ష చేయిద్దాం" అన్నాను. ఆమె కాగితం చాలాసేపు చూసింది. సుగుణ రెండో కాన్పుకు మూడో నెలలోనే తనంతట తానే తీసుకొచ్చింది. ఆ పిల్లవాడు బాగున్నాడు. కసిరితే వచ్చేది కాదు.

చివరిసారి ఆ పాళెంలో

రిటైరయ్యాక ఒక పొద్దున బస్సెక్కి ఆ పాళెం వెళ్ళాను. సంచి లేదు, ఫారం లేదు, సూది లేదు. చేతులు ఖాళీగా ఉండేసరికి ఏం చేసుకోవాలో తోచలేదు.

ఆ బిడ్డ పేరు హర్షిణి. ఇప్పుడు పదకొండేళ్ళు. కొంచెం తూలుతూ నడుస్తుంది. మాట కూడబలుక్కుని వస్తుంది. బడిలో తనకన్నా చిన్నపిల్లలతో కూర్చుంటుంది. కొలిచి పెట్టిన అన్నం, కూరగాయలు, ఒక ప్రత్యేకమైన పొడి కలిపిన నీళ్ళు, అదే తిండి. పప్పు లేదు, పాలు లేవు, చేప అసలే లేదు. ఆ పాళెంలో చేప రుచి తెలియని మనిషి తనొక్కతే. అయినా అమ్మమ్మ ఎండబెట్టే చేపల మధ్య కూర్చుని నాకు ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించింది. "ఇది... కానాగంత. ఇది... వంజరం. ఇవి... నెత్తళ్ళు." మధ్యలో ఊపిరి తీసుకుంటూ, ఒక్కటి కూడా తప్పు లేకుండా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. కళ్ళలో ఉప్పుగాలి కొట్టిందని చెప్పి తుడుచుకున్నాను.

అంకమ్మతో పదకొండేళ్ళుగా చెప్పాలనుకుంటున్న మాట అప్పుడు చెప్పాను. ఆమెకు ఫైలు సంగతి తెలియదు, ఎర్ర స్టిక్కరు సంగతి తెలియదు.

"అంకమ్మా, మూడోనాడే నాకు వాసన తెలిసింది. బిడ్డ ఏడుపు సన్నగా ఉండడం కూడా విన్నాను. నువ్వు పాలు పట్టడం లేదని చెబితే భరతనాట్యం అని వెక్కిరించాను. ఆ రోజే తీసుకెళ్ళి ఉంటే ఈ పిల్ల పరిగెత్తేది. ఆ మూడు రోజులు నావల్ల పోయాయి."

అంకమ్మ చేతిలోని చేపను తిరగేసి మళ్ళీ ఇసుక మీద పెట్టింది.

"తెలుసులే" అంది. "ఆ రోజు చీమలు చూసి మీ మొగం తెల్లంగా పోయినప్పుడే తెలిసింది. నన్నేం చేయమంటారు? తిట్టేదానికి నాకు నోరు యాడుండాది? నేనూ పక్కనే గదా ఉండా. అది తిన్నానంటే కన్నతల్లిని నేనే నమ్మినా, మీరు నమ్మకుండా యాడికి పోతారు?"

 హర్షిణి ఇంకో చేప పేరు చెప్పింది, మాలో ఎవరూ వినలేదని ఇంకోసారి గట్టిగా చెప్పింది. అంకమ్మ చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళి స్టీలు గిన్నె తెచ్చింది. సుగుణ ఆడబిడ్డ కాన్పయి నాలుగిళ్ళ అవతల ఉందట, ఆమెకని చేసిన మెంతి ఉండలు. ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"తినండి."

"ఇంటికి పోయి తింటానమ్మా."

"ఊహూ. ఆ మాట నా దగ్గర చెల్లదు. ఇక్కడే, నా ముందరే తినండి."

కొరికాను. బెల్లం ఎంత వేసినా దాగని చేదు. సుగుణ ఎందుకు వలలో దాచిందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు మెంతుల మీద ఇంత కథ నడిపి, ఒక్కనాడూ ఆ ఉండ రుచి చూడలేదు నేను. నీళ్ళు అడిగితే ఇవ్వలేదు. అంకమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది, చివరి ముద్ద గొంతు దిగేదాకా కదల్లేదు.

"తిన్నాను" అన్నాను.

"నోరు తెరవండి, చూస్తా" అంది.

అరవై దాటినదాన్ని, బుద్ధిగా నోరు తెరిచాను.